లోపలి మడత

"మిషన్ వద్దు సార్, కింది స్టాండు ఒక్కటి ఇస్తే చాలు" అన్నాడతను.

కొంపల్లి దిక్కు కొత్తగా హోటల్ తెరుస్తున్నాడట. పాత కుట్టుమిషన్ల ఇనుప స్టాండ్లు తెచ్చి, వాటి మీద గ్రానైటు పలకలు బిగించి టేబుళ్ళు చేయిస్తున్నాడట. ఆరు దొరికాయి, ఇంకో రెండు కావాలి. మా బాల్కనీలో తులసి కుండీ కింద ఉన్న మిషను అతని కంట్లో ఎట్లా పడ్డదో గానీ, ధర కూడా తనే చెప్పేశాడు. మరి పైన తల సంగతేమిటంటే, "అది మీరే ఉంచుకోండి, లేకుంటే తుక్కు కింద ఏసేస్తం" అన్నాడు.

లోపల మంచం మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న అమ్మ అంతా విన్నది. డెబ్భై ఆరేళ్ళు వచ్చి మోకాళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. "తల పారేసి కాళ్ళు అమ్ముకుంటరా ఎవరన్న?" అన్నది, అతనికి వినబడేట్టే. బేరం అక్కడితో అయిపోయింది.

మరునాడు ఆదివారం. కుండీ పక్కకు జరిపితే బల్ల మీద పళ్ళెమంత మచ్చ. ఏళ్ళ తరబడి నీళ్ళు కారి చెక్క ఉబ్బి, పొరలు పొరలుగా లేచింది. తల మీద కప్పిన గుడ్డ తీశాను. నల్లరంగు ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. దాని మీది బంగారు రంగు ఇంగ్లిషు అక్షరాలు నాలుగింటిలో ముందరి రెండు అరిగిపోయాయి, వెనక రెండు మిగిలాయి. చక్రం పట్టుకుని తిప్పబోతే వెంట్రుకవాసి కదలలేదు. పెడల్ మీద కాలు పెడితే అదీ అంతే. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో దీని హోదా ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. ముందు టీవీ బల్ల అయింది. తర్వాత ఇస్త్రీకి పోయే బట్టలు పడేసే చోటు. పాత ఇల్లు బిల్డరుకిచ్చి ఫ్లాటులోకి మారాక కుండీకి పీట.

ఇది మా ఇంటికొచ్చింది 1981లో. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, పేట్ బషీరాబాద్ ఇంకా ఊరే. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ పోయే రోడ్డు అప్పట్లో ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. పేరుకు జాతీయ రహదారే గానీ రెండు లారీలు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. గంటకో అరగంటకో 229 బస్సు వచ్చేది. రోడ్డుకు ఇరుపక్కలా ద్రాక్ష పందిళ్ళు. అనాబ్-ఎ-షాహీ అని, లేత ఆకుపచ్చగా, కోలగా, బొటనవేలి కొసంత గింజలు. అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరేదాకా కాపు. ఆ తోటల అవతల జీడిమెట్ల ఫ్యాక్టరీల సైరన్లు. ఊళ్ళో సగంమంది తోట పనికి, సగంమంది షిఫ్టు డ్యూటీకి. మా నాయిన సైరన్ మనిషి. రెండు జతల ఖాకీ బట్టలు, ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద.

ఇల్లు కదలకుండానే మా చిరునామా ఎన్నిసార్లు మారిందో చెప్తే నవ్వుతారు. పుట్టినప్పుడు హైదరాబాద్ జిల్లా, 1978లో రంగారెడ్డి జిల్లా, 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. రేషన్ కార్డు మార్చుకోవడానికే నాయిన సెలవులు అయిపోయేవి.

సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో వాయిదాల మీద మిషను కొన్నారు. తల ఒక పెట్టెలో, స్టాండు విడిగా. తలను నాయిన ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. స్టాండు మాత్రం, మార్కెట్‌లో ద్రాక్ష దించి ఖాళీగా వస్తున్న వ్యానులో వచ్చింది. దాని అడుగు పెడల్ జాలీ నిండా ద్రాక్షరసం బంక. ఆ రాత్రికి రాత్రే చీమలు బారులు కట్టాయి. మా మిషనుకు మొదటి గిరాకీ చీమలే అని నాయిన చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు.

వాయిదాల పద్ధతికీ కుట్టుమిషనుకూ చుట్టరికం పాతది. ఐజాక్ మెరిట్ సింగర్ 1851లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. మిషను బాగానే ఉంది, కొనే స్తోమత ఎవరికుంది? 1856 నుంచి కొంత ముందు కట్టి తీసుకుపో, మిగతాది నెలనెలా కట్టు అనే పద్ధతి పెట్టింది సింగర్ కంపెనీ. ఆయన పేరులోని నడిమి ముక్కే మన దగ్గర మెరిట్ మిషనుగా ఇల్లిల్లూ తిరిగింది. యంత్రాలంటే అంతగా పడని గాంధీజీ కూడా సింగర్ మిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. భార్య చేతికుట్టుతో పడే అవస్థ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని 1924లో ఒక సంభాషణలో మెచ్చుకున్నాడు కూడా. సింగర్ ఇంటి సంగతులు తెలిసినవాళ్ళకు ఆ మాట వింటే నవ్వు ఆగదు. ఆ పెద్దమనిషికి సంసారాలు ఒకటి కాదు, పిల్లలు ఇరవై పైచిలుకు.

మాది మాత్రం ఉష. 1930లలో కలకత్తాలో బిషన్ దాస్ బాసిల్ అనే ఆయన దేశీ మిషను తయారుచేసి తన కూతురి పేరు పెట్టుకున్నాడు. తర్వాత అది లాలా శ్రీరాం చేతికి వెళ్ళి దేశమంతా పాకింది. ప్రిన్స్ అన్వర్ షా రోడ్డులో ఆ ఫ్యాక్టరీ ఉన్న నేల మీద ఇప్పుడు పెద్ద మాల్ ఉంది, 2008లో తెరిచారు. కుట్టుమిషన్లు పుట్టిన చోట ఇవాళ కుట్టిన బట్టలు హ్యాంగర్లకు వేలాడుతున్నాయి.

మిషను వచ్చాక మా ఇంటికి మధ్యాహ్నం అనేదొకటి ఏర్పడింది. అంతకు ముందు మధ్యాహ్నమంటే ఎండ, అంతే. తోటలో పొద్దటి పని అయిపోయి ఆడవాళ్ళు ఇంటికి పోతూ పోతూ మా అరుగు మీద ఆగేవాళ్ళు. ఒకామె కొంగులోంచి రవిక గుడ్డ తీసేది, దానితోపాటు కొలతకు ఆది జాకెట్. ఇంకొకామె చిరిగిన లంగా. మొగవాళ్ళ ప్యాంట్లు, చొక్కాలు అమ్మ ముట్టేది కాదు, అవి బొల్లారం బజారులో మేరాయన దగ్గరికి పోవాల్సిందే. నాయిన ఖాకీ ఒక్కటే మినహాయింపు. డబ్బులు ఇచ్చేవాళ్ళు ఇచ్చేవాళ్ళు, లేనివాళ్ళు కాపు రోజుల్లో రాలిన ద్రాక్ష తెచ్చేవాళ్ళు. మా ఇంట్లో ద్రాక్షను కొనుక్కుని తిన్న గుర్తు నాకు లేదు. పెద్దయ్యాక మార్కెట్‌లో ధర చూసి, మా పక్కింటి అత్త రవిక ఖరీదు ఎంత పడిందో లెక్కగట్టుకున్నాను.

కరెంటు ఉన్నా పోయినా ఆ టకటక ఆగేది కాదు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఏం మాట్లాడుకున్నా ఆ చప్పుడు చాటునే. అసలు గుట్టు మాట వచ్చినప్పుడు అమ్మ కాలు ఆపేది కాదు, ఇంకా గట్టిగా తొక్కేది. మేం పిల్లలం పక్క అర్రలో చెవులు రిక్కించుకుని కూర్చున్నా చివరి ముక్క ఎప్పుడూ మిషను మింగేసేది.

నా పని మిషను కింద. అమ్మకు కాళ్ళు గుంజినప్పుడు నేను దూరి, పీట వేసుకుని, రెండు చేతులతో పెడల్ నొక్కేవాణ్ణి. "తొక్కు" అంటే నొక్కాలి, "ఆపు" అంటే ఆపాలి. చేత్తో నొక్కినా మాట మాత్రం తొక్కు అనే. చక్రం మన దిక్కుకు తిరగాలి. అవతలి దిక్కు తిరిగిందో, పోగు టప్పున తెగి కింద గూట్లో చిక్కు పడుతుంది. కొత్తగా నేర్చుకునే వాళ్ళందరూ చేసే తప్పు అదే. అందుకే మా అక్కకు నేర్పించినప్పుడు అమ్మ మొదటి వారం పోగు ఎక్కించనివ్వలేదు. గీతల నోటుబుక్కు కాగితం ఇచ్చి ఉత్త సూదితో గీత మీద కుట్టమంది. గీత తప్పకుండా చిల్లులు పడితే గుడ్డ ఇస్తానన్నది. అక్క హోంవర్కు పుస్తకంలో కూడా అట్లా చిల్లులు పడ్డ పేజీలు ఉండేవి. పంతులు పట్టి అడిగితే చెదలన్నదట.

చేతి సూదికి కన్ను తోక దగ్గర ఉంటుంది, మిషను సూదికి మూతి దగ్గర. మొత్తం కిటుకు ఆ ఒక్కదాంట్లో ఉంది. 1846లో ఎలియాస్ హో పేటెంట్ తీసుకున్న మిషను నుంచి ఇవాళ్టిదాకా మారనిది అదే. సూది పై పోగును మోసుకుని గుడ్డలోకి దిగుతుంది. మళ్ళీ రవ్వంత పైకి లేవగానే పోగు వెనక చిన్న ఉంగరంలా వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణానికి కింద షటిల్ కొక్కెం వచ్చి ఆ ఉంగరాన్ని పట్టుకుని, బాబిన్ చుట్టూ తిప్పి, కింది పోగును అందులోంచి దాటిస్తుంది. పైన లివర్ గుంజి బిగిస్తుంది. రెండు పోగులూ గుడ్డ మందం నడుమ ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. మెలిక పైకి తేలినా కిందికి జారినా టెన్షన్ తప్పినట్టు. అమ్మ ఇవేవీ చెప్పేది కాదు. కుట్టును గోటితో గీకి చూసి, టెన్షన్ మరను పావు చుట్టు తిప్పేది.

ఇక అసలు విషయం. పిల్లల బట్టలు, ఆడవాళ్ళ రవికలు కుట్టేటప్పుడు అమ్మ ఎప్పుడూ కొలతకు సరిగ్గా కుట్టేది కాదు. లంగా అంచున నాలుగు వేళ్ళ మడత. లాగు పక్క కుట్టులో అంగుళం. రవికకు చంకల కింద ఒకదాని పక్కన ఒకటి మూడు వరసల కుట్లు. పెళ్ళినాటి రవిక మొదటి వరస, పిల్లలు పుట్టాక రెండోది, ఆ తర్వాత మూడోది. "పెరుగుడు బట్ట" అనేది దాన్ని. గుడ్డ కొనడానికి పోతే దుకాణదారు రెండు గజాలు చాలంటే, ఈమె పెరుగుడుకు ఇంకో పావు అని కోయించేది. ఆ పావు గజం దగ్గర నాయినకూ ఆమెకూ ప్రతిసారీ మాటామాటా అయ్యేది.

జూన్‌లో బడి తెరిచే ముందు మడతలు విప్పేవాళ్ళం. బ్లేడుతో కుట్టు కోస్తే లోపలి నుంచి ఎండ తగలని, సబ్బు తగలని గుడ్డ బయటికి వచ్చేది. పైదంతా వెలిసిపోయి ఉంటే ఆ పట్టీ మాత్రం కొన్ననాటి రంగు. ఎవరు ఎంత పెరిగారో బడి మొత్తానికీ తెలిసిపోయేది. మా అక్క లంగాకు రెండు పట్టీలు ఉండేవి, ఆమెకు అది పరువు తక్కువ. నాకు లాగు మీద వెనక వైపు రెండు గుండ్రటి అతుకులు. అది పరువు సమస్యే కాదు, తరగతిలో సగంమందికి ఉండేవి.

ఒక గుడ్డ ఇంట్లోకి వస్తే బయటికి పోయేది కాదు. చీర పాతబడితే అక్కకు లంగా. లంగా పొట్టిదైతే దిండు గలీబు. గలీబు చిరిగితే బొంతలోకి. బొంత మిషను మీద కుదరదు, దబ్బనంతో చేత్తో కుట్టాలి. బొంతకు కూడా పనికిరాని ముక్క పొయ్యి దగ్గర మసిగుడ్డ. నాయిన పాత ఖాకీ ప్యాంటు కాళ్ళతో రేషన్ సంచులు. మా ఇంటి బియ్యం పదిహేనేళ్ళపాటు నాయిన కాళ్ళలో మోసుకొచ్చామని అక్క ఇప్పటికీ అంటుంది.

బతుకమ్మకు నెల ముందు నుంచి మా ఇంట్లో నడవడానికి దారి ఉండేది కాదు. అర్ధరాత్రిదాకా తొక్కుడే. దసరా నాడు మాత్రం మిషనుకు సెలవు. చక్రానికి బంతిపూల దండ, బల్లకు పసుపు, సూది దగ్గర కుంకుమ బొట్టు. నాయిన ఫ్యాక్టరీలో లేతు మిషన్లకు, తోటల్లో మోటార్లకు, లారీలకు, అన్నిటికీ ఆ పొద్దు అదే మర్యాద. ఆ రోజు పొరపాటున పెడల్ మీద కాలు పెట్టినా అమ్మ ఊరుకునేది కాదు.

ఇదంతా ఎప్పుడు ఆగిపోయిందని అడిగితే ఫలానా రోజని చెప్పలేను. తొంభైలలో రెడీమేడ్ వచ్చింది. ముందు చొక్కాలు, తర్వాత జీన్సు. ద్రాక్ష తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. పందిళ్ళ రాతికూసాలు కొన్నాళ్ళు ప్లాట్ల హద్దురాళ్ళుగా నిలబడ్డాయి. తోట లేకపోతే మధ్యాహ్నం అరుగు మీదికి వచ్చేవాళ్ళెవరు? ఆ తర్వాత నాయిన ఫ్యాక్టరీ మూతపడ్డది. కుట్టుపని లేకుండా పోయిందంటే మాత్రం నేను ఒప్పుకోను. సుచిత్ర చౌరస్తా నుంచి కొంపల్లిదాకా ఎన్ని బొటిక్‌లున్నాయో చూడండి. జుకి మిషన్లు నిమిషానికి ఐదువేల కుట్లదాకా వేస్తాయి. మగ్గం వర్కు జాకెట్ ఒకటి కుట్టించాలంటే చీర కన్నా ఎక్కువవుతుంది. పోయింది కొత్తది కుట్టడం కాదు. విప్పి మళ్ళీ కుట్టడం పోయింది.

బొల్లారంలో ఒక ఉస్తాద్ ఉన్నాడని తెలిసి వెళ్ళాను. డెబ్భైకి దగ్గర. వాళ్ళ నాన్న పల్టన్ దర్జీల మిషన్లు బాగుచేసేవాడట, ఈయన ఆ పెట్టెతోనే ఇప్పుడూ తిరుగుతాడు. స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. తలను వెనక్కి వాల్చి అడుగు భాగం వాసన చూశాడు. తాకలేదు, వాసన చూశాడు.

"కొబ్బరినూనె ఎవలు పోసిన్రు?"

నేనే. ఎనభైల్లో ఎప్పుడో, మిషన్ ఆయిల్ డబ్బీ అయిపోతే, అమ్మకు సాయం చేద్దామని. తర్వాత అక్క కూడా ఒకటి రెండుసార్లు.

"తలకు పెట్టే నూనె అని మిషన్ తలకు పెట్టిన్రా?" అన్నాడు నవ్వకుండా. "దీనికి రోగం ఏం లేదు సార్. నూనె, దుమ్ము కలిసి బంకైంది. చలికాలంల గడ్డ కట్టిందంటే ఇగ కదల్దు."

ఎన్ని రంధ్రాలున్నాయో అప్పుడు చూశాను. నూనె వేయాల్సిన ప్రతిచోటా చిన్న కన్నం. ఆయన బ్రష్షుతో అన్నిట్లోనూ డీజిల్ పోశాడు. వెనకటికైతే గ్యాసునూనె వాడేవాడట, అది ఇప్పుడు దొరకడం లేదు. "రేపటిదాక నానాలె" అని వెళ్ళిపోయాడు. బాల్కనీ అంతా పెట్రోలు బంకు వాసన. మరునాడు చక్రాన్ని బలవంతంగా తిప్పలేదు. ముందుకు ఒక నూలుపోగంత, వెనక్కి ఒక నూలుపోగంత, అట్లా పది నిమిషాలు ఊపాడు. ఎక్కడో కిర్రుమన్నది. తర్వాత పావు చుట్టు. అక్కడ మళ్ళీ ఆగింది.

"ఇది నూనె కాదు, పోగు" అన్నాడు. షటిల్ గూటికి అటూ ఇటూ ఉన్న రెండు గొళ్ళేలు తీసి, రింగు ఊడదీసి, షటిల్ బయటికి లాగాడు. దాని వెనక, గాడిలో, రెండు వేళ్ళ పొడుగు దారం చుట్టుకుని బిగుసుకుపోయి ఉంది. పటకారుతో పీకి నా అరచేతిలో పెట్టాడు. మట్టి పట్టినా రంగు తెలుస్తున్నది. ఖాకీ.

అమ్మకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని వెలుగుకు పట్టి చూసింది. "మీ నాయిన ఆఖరి జత" అన్నది. ఫ్యాక్టరీ గేటుకు తాళం పడటానికి వారం ముందు కుట్టిన ప్యాంటు. ఒక్కనాడూ తొడుక్కోలేదు. నాయిన పోయి కూడా ఆరేళ్ళు దాటింది. ఆ ప్యాంటు సందూకలో ఉండాలన్నది అమ్మ. దారాన్ని పారెయ్యమని చెప్పలేదు, దాచమనీ చెప్పలేదు. మళ్ళీ చిక్కుడుకాయల మీదికి పోయింది.

ఉస్తాద్ మిగతా పని చకచకా చేశాడు. తోలు బెల్టు కట్టెలా అయిపోయింది, కొత్తది కొలిచి కోసి క్లిప్పు వేశాడు. బెల్టు మరీ బిగువైతే కాళ్ళు గుంజుతాయి, వదులైతే చక్రం జారుతుంది. బొటనవేలితో నొక్కి చూసి ఒక అర అంగుళం తగ్గించాడు. బాబిన్ చుట్టే చోట రబ్బరు రింగు పగిలింది, మార్చాడు. పెద్దచక్రం ఇరుసు మరలు బిగించాడు. పద్నాలుగో నంబరు సూది. సూదికి ఒకవైపు చదునుగా ఉంటుంది, అది తిరగబడితే ఎంత తొక్కినా కుట్టు పడదు. సగం మిషన్లు ఆ ఒక్క కారణానికే ఖరాబైనయని తన దగ్గరికి వస్తాయని చెప్పాడు. పోతూ పోతూ, "చిన్న మోటార్ పెడతా అమ్మా, కాళ్ళకు తకలీఫ్ ఉండదు" అన్నాడు. "మోటారుకు ఆపుడు తెల్వదు" అన్నది అమ్మ. ఆయన తీసుకున్న మొత్తం డబ్బు సుచిత్రలో ఒక జాకెట్ కుట్టుకూలికి సరిపోదు.

స్టాండు నా వంతు. గరుకు కాగితంతో తుప్పు గీకి, రెడాక్సైడు పూసి, ఆరాక నల్లరంగు. రెండు ఆదివారాలు పట్టింది. బల్లకు వడ్రంగి కొత్త పలక వేశాడు. అందులో పాత డ్రాయరు మాత్రం అట్లాగే పెట్టించాను, ఎందుకంటే అది ఇరుక్కుపోయి ఇరవై ఏళ్ళుగా ఎవరూ తెరవలేదు. వడ్రంగి చెక్కసుత్తితో అడుగున రెండు తట్టాడు, తెరుచుకుంది.

తుప్పుపట్టిన సూదుల పొట్లం. టిచ్ బటన్ల అట్ట. సబ్బుబిళ్ళలా అరిగిన సుద్ద. గుడ్డ టేపు, మొదటి అంగుళం ఊడిపోయింది. అమ్మ ఒకటి నుంచి మొదలుపెట్టి కొలిచి, చివర ఒకటి తీసేసుకునేది. ఆ లెక్కలో ఎన్నడూ తప్పలేదు. వీటన్నిటి కింద కొలతల పుస్తకం. అమ్మ ఎవరి పేరూ రాయలేదు. ఊళ్ళో ఒకే పేరు వాళ్ళు నలుగురైదుగురు ఉండేవాళ్ళు మరి. చోటును బట్టి రాసుకుంది. మూడో బావి వదిన, ఛాతి 34. చింతచెట్టు కాడి పెద్దమ్మ, చెయ్యి 9. పాల డెయిరీ అక్క. ఎర్రగేటు తోట చిన్నమ్మ. సైరన్ ఇంటి అత్త. ఫాక్స్ సాగర్ కట్ట మీది కోడలు. వదిన ఛాతి 34 కొట్టేసి 36, అదీ కొట్టేసి 38. ఆమె బిడ్డ లంగా పొడుగు ప్రతి జూన్‌కూ ఒక్కో అంగుళం.

ఆ పుస్తకం పట్టుకుని బాల్కనీలో నిలబడ్డాను. మూడో బావి ఇప్పుడు ఏ అపార్ట్‌మెంటు సెల్లారో నేను చెప్పగలను. చింతచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. ఎర్రగేటు తోట ఎక్కడుండేదో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. అమ్మను అడిగితే చెయ్యెత్తి గోడ దిక్కు చూపించింది. గోడ అవతల ఫ్లైఓవర్ పనుల దుమ్ము.

మిషను తయారైంది. కుట్టడానికే ఏమీ లేదు.

ఇల్లంతా వెతికాను. చిరిగిన బట్ట ఒక్కటి లేదు. చిరిగేదాకా ఎవరూ వేసుకోవడం లేదు కాబట్టి. మా అమ్మాయి టీషర్టు సాగే గుడ్డ, ఈ మిషను మీద సరిగ్గా రాదు. కర్టెన్లు కుట్టినవే తెచ్చాం. ఒక దిండు గలీబు అంచు ఊడిందని నా భార్య వెతికి ఇచ్చింది, అది కూడా జాలిపడి. దాన్ని నేనే వంకరగా కుట్టాను. అమ్మ చూసి, "గీతల కాగితం తెచ్చుకో" అన్నది.

పది రోజుల తర్వాత వాచ్‌మన్ భార్య పైకి వచ్చింది. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం. మిషను చప్పుడు కిందికి వినబడ్డదట. కొడుకు బడి ప్యాంటు, సిరా రంగుది, నిరుడు కొన్నది. నడుము దగ్గర సరిపోతున్నది, పొడుగే చాలడం లేదు. చీలమండ మీదికి వస్తున్నదని పోరగాడు బడికి పోనంటున్నాడు. "జెర దించిస్తవా అవ్వా?"

ఆ మాట వినగానే అమ్మ లేచి కుర్చీ లాక్కుంది. బ్లేడు అడిగింది. ప్యాంటు తిరగేసి కింది అంచు కుట్టు పట్టుకుని ఒక్కొక్క కుట్టే కోసింది. మడత విప్పింది. లోపల అంగుళం కూడా లేదు. అంచున దూసుకురాకుండా వేసిన కుట్టు, ఆ పైన అంగుళానికి తక్కువ గుడ్డ, అంతే. రెండో కాలు కూడా విప్పి చూసింది, అందులో ఏమైనా ఎక్కువుంటుందేమోనన్నట్టు.

"బట్టే పెట్టలె" అన్నది. అన్నది నాతో కాదు, వాచ్‌మన్ భార్యతో కాదు. ప్యాంటు వైపు చూస్తూ.

కాసేపు అట్లాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత నన్ను సందూక తెరవమన్నది. అడుగున, కర్పూరం బిళ్ళల మధ్య, ఖాకీ ప్యాంటు ఇస్త్రీ మడత కూడా చెదరకుండా ఉంది. అమ్మ దాన్ని ఒళ్ళో పరిచి కింది అంచు తిప్పింది. నాలుగు వేళ్ళ మడత. యాభై ఆరేళ్ళ మనిషికి కుట్టిన ప్యాంటు.

"ఇంత మడత ఎందుకే అమ్మా, నాయిన ఇంకా పెరుగుతడనుకున్నవా?"

"చెయ్యి అట్ల పోయింది" అన్నది.

ఆ మడత విప్పి, పట్టీ పొడుగునా కోసింది. రంగు కలవదు కదా అన్నాను. సిరా రంగు గుడ్డ ఉన్నంతా కిందికి దించేసి, దాని కొసకు ఖాకీ పట్టీ అతికి, ఆ పట్టీని మొత్తం లోపలికి మడిచేస్తే బయటికి సిరా రంగే కనబడుతుంది. లోపల ఖాకీ ఉందని వేసుకున్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు. వాచ్‌మన్ భార్య అర్థమైనట్టు తలూపింది. ఆమెకు అర్థమైంది, నాకే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అమ్మ మోకాళ్ళు పెడల్ మీదికి రావు. నేను పీట తెచ్చుకుని పక్క నుంచి దూరాను. చిన్నప్పుడు అటూ ఇటూ ఎంత జాగా ఉండేదో, ఇప్పుడు భుజం స్టాండుకు ఒరుసుకుంటున్నది. రెండు చేతులూ పెడల్ మీద పెట్టాను. పైన ఫుట్ దింపిన చప్పుడు విన్నాను.

"తొక్కు."

నొక్కాను. చక్రం అవతలి దిక్కు తిరిగింది. టప్పుమని పోగు తెగింది.

పైనుంచి ఒక్క మాట రాలేదు. గొళ్ళెం తీసి, చిక్కు లాగి, పోగు మళ్ళీ ఎక్కించుకుంటున్నది కాబోలు. వాచ్‌మన్ భార్య నవ్వు ఆపుకుంటున్నది. ఈసారి అమ్మే పైచక్రాన్ని చేత్తో తన దిక్కు ఒక తోపు తోసింది.

"ఇగ తొక్కు."

కింది నుంచి నాకు పెద్దచక్రం, బెల్టు, అమ్మ చీర కుచ్చిళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. టకటకలు ఒక వరసలో పడ్డాయి. మూల దగ్గర ఆపమన్నది. గుడ్డ మలిపింది. మళ్ళీ తొక్కమన్నది.